కుక్క కోసం దాక్కున్న మనిషి

సిమెంటు గొట్టంలో వెల్లకిలా పడుకోవడం ఫిదెన్సియోకి కొత్తేం కాదు, పైపులు బిగించే పని అతనిది, సగం జీవితం గొట్టాల మధ్యే గడిచింది, ఈ మెక్సికో నగరంలో ఏ పేట మురుగు ఎటు పారుతుందో కళ్లకు గంతలు కట్టి అడిగినా చెబుతాడు, కానీ చేతిలో పానా లేకుండా, చేయడానికి పనంటూ లేకుండా, కాళ్ల దగ్గర ఒక చెక్క, తల దగ్గర ఒక చెక్క అడ్డం పెట్టించుకుని, ఎప్పుడో ఒక కుక్క వచ్చి కనిపెట్టేదాకా నోరు మూసుకుని పడి ఉండడం మాత్రం ఇదే మొదలు. గొట్టం బడి ఆవరణలో ఉంది. ఎవరో ఎప్పుడో కాలవ వేద్దామని తెచ్చి, వేయకుండా వదిలేసిన గొట్టం. గోడ అవతల వీధి, వీధి అవతల నాలుగు రోజుల క్రితం దాకా అయిదంతస్తుల ఇల్లు, భూమి కదిలాక ఇప్పుడు ఒకదాని మీద ఒకటి వేసిన అట్లలాగా కూలిన కప్పులు. అక్కడ ఉండాల్సినవాడు ఇక్కడ ఉన్నాడు. కుక్క కోసమని ఒప్పుకున్నాను గానీ, అనుకున్నాడు, లేకపోతే ఈపాటికి రెండో కప్పు కింద ఉండేవాణ్ణి.

వెతికే కుక్కలతో ఒక చిక్కుంది. శిథిలాల కింద బతికున్న మనిషి వాసన తగిలితే వాటికి అదే పండగ, మొరిగి మొరిగి పేటంతా లేపుతాయి, తోకతో పాటు ఒళ్లంతా ఆడిస్తాయి. వరసగా శవాలే దొరికితే దిగులు పడతాయి. తిండి ముట్టవు, పిలిస్తే పలకవు, చివరికి ముక్కు నేలకు ఆనించమన్నా ఆనించవు. అందుకని శిథిలాల్లో వెతికే దండులో ఎవరో ఒకరు వెళ్లి దాక్కుంటారు, కుక్క వెతికి పట్టుకుంటుంది, దొరికినవాడు దాన్ని వాటేసుకుని ముద్దు చేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు, కుక్కకి లోకం మీద మళ్లీ నమ్మకం కుదురుతుంది. వీళ్ల దండుకున్న కుక్క మొస్తాసా, ఆవపిండి రంగు ఆడకుక్క. నయేలీ అనే పిల్ల దాన్ని ఆడిస్తుంది, యజమాని అనడం కంటే ఆయా అంటే సబబు. కాసేపు పని చేయిస్తే కాసేపు నీడలో పడుకోబెడుతుంది, పాదాలు కడుగుతుంది, కళ్లలో చుక్కల మందు వేస్తుంది, నీళ్లు సరిగ్గా తాగిందో లేదో చూస్తుంది. అది చూసి ఫిదెన్సియో నవ్వేవాడు. ఈసారి పుట్టడమంటూ ఉంటే నయేలీకి కుక్కగా పుడతానని దండులో అందరి దగ్గరా అన్నాడు.

ఇక ఈ గొట్టంలోకి ఎలా వచ్చిపడ్డాడంటే, మధ్యాహ్నం ఇంజనీరు పని ఆపించాడు. రెండో కప్పుకి దుంగలు ఊతం పెట్టేదాకా ఒక్కడు కూడా లోపలికి దూరకూడదన్నాడు, దుంగలేమో ఇంకా దారిలో ఉన్నాయి. దండంతా ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. ఫిదెన్సియో మాత్రం ఒంటేలుకి వెళ్తున్నట్టు నడిచి వెనక వైపు కన్నం దగ్గర మోకాళ్ల మీద వంగాడు. వెనక నుంచి చొక్కా పట్టి లాగింది డాక్టర్ ఇసౌరా. దండు మంచిచెడ్డలు చూసే మనిషి, అరవై దాటినావిడ, అతని భుజం దాకా కూడా రాదు, కానీ ఆవిడ పట్టుకుంటే వదిలించుకున్నవాడు లేడు.

“ఎక్కడికిరా?”

“ఎక్కడికీ లేదు డాక్టరమ్మా. ఊరికే చూద్దామని.”

“చూద్దువుగాని. ముందు నాకో పని చేసిపెట్టు. కుక్క దిగాలు పడిపోయింది, పొద్దుట్నుంచి తోక ఎత్తట్లేదంట. ఎవరో ఒకళ్లు దాక్కోవాలి.”

“భలే పని చెప్పావులే. ఇంకెవర్నైనా చూసుకో.”

“ఎవర్ని చూసుకోను? ఆ గొట్టంలో పట్టేది నువ్వొక్కడివే. మిగతా వెధవల పొట్టలు చూశావా, పీపాల్లాగా? జనం పంచే తమాలే కుడుములు తెచ్చినవి తెచ్చినట్టు మింగేస్తున్నారు.”

“నాకు పనుంది.”

“పని కుక్కకుందిరా బక్కోడా. నువ్వు పడుకుంటే చాలు.”

పక్కనే ఉన్న నయేలీ, “ఫిదెన్సియో అన్నా, దాని మొహం చూడు ఒకసారి,” అంది. చూశాడు. కుక్క ముందరి కాళ్ల మీద గడ్డం ఆనించి, నోరులేని జీవాలు ఎంత దీనంగా చూడగలవో అంత దీనంగా చూసింది. అక్కడితో అయిపోయింది. అదే, విశ్రాంతి తీసుకో అని ఉంటే ఆ ముసలమ్మని ఏదో ఒకటి అనేవాడు, నిన్న అన్నాడు కూడా, పడుకోవడానికి రాలేదమ్మా ఇక్కడికి అని. దానికావిడ అతని దగ్గు విని, కళ్ల కింద వేలితో లాగి చూసి, రేపటికి కూడా నువ్విలాగే ఉంటే నీ చొక్కా లాక్కుంటాను అని మాత్రం చెప్పింది. చొక్కా అంటే నారింజ రంగు చొక్కా, దండు చొక్కా, అది ఒంటి మీద లేనివాణ్ణి శిథిలాల చుట్టూ కట్టిన తాడు దాటనివ్వరు. ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు గొట్టంలో కూడా ఫిదెన్సియో చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాడు.

కుడి చెయ్యి వణుకుతోంది. మూడో రోజు నుంచి వణుకుతోంది. ఎవరూ చూడకుండా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఆ జేబులో రొట్టె ఉంది కాబట్టి అడిగితే రొట్టె పట్టుకున్నానని చెప్పొచ్చు. వీధి చివర ఇంటావిడ పొద్దున బుట్ట నిండా బొలీయో రొట్టెలు తెచ్చి పంచింది, భయానికి తినండి నాయనా, భయం లోపల ఉండిపోతే కడుపు చెడుతుంది అంటూ. ఈ ఊళ్లో భయానికి మందు అదే, భూమి కదిలినా, బస్సు గుద్దబోయి తప్పినా, చావు కబురు వచ్చినా, ముందో ఉత్త రొట్టె నోట్లో కుక్కి ఆ తర్వాతే ఏం జరిగిందని అడుగుతారు. నాకేం భయం తల్లీ అని నవ్వి జేబులో వేసుకున్నాడు. అదిప్పుడు తొడ కింద రాయిలా గుచ్చుకుంటోంది. దగ్గు వస్తోంది. దగ్గకూడదు, కుక్క ముక్కుతో కనిపెట్టాలి గానీ చెవులతో కాదు, గొంతులో దగ్గుని గొంతులోనే అణిచాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు వల్లే. ముక్కుకి గుడ్డ కట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పింది డాక్టరమ్మ, కూలిన సిమెంటు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదురా, అక్కడే ఇల్లు కడుతుంది అని. కట్టుకున్నాడు. మొదటి రోజంతా కట్టుకున్నాడు. తర్వాత ఎందుకు తీశాడో ఆ సంగతి ఇప్పుడు వద్దు.

వేరే ఏదైనా. రుతీలియో మేస్త్రి. బొరియలోకి దూరడం నేర్పిన మనిషి, ముందు ఊపిరి బయటికి వదులు, ఆ తర్వాత భుజం తోయి, ఇల్లు నిన్ను మింగాలని చూడట్లేదు, దానికి నువ్వున్నట్టే తెలీదు అనేవాడు. తాపీ పని. పాత పెద్ద భూకంపంలో ఉత్త చేతులతో తవ్విన వాళ్లలో ఒకడు, ఆ తర్వాత ఎక్కడ ఇల్లు కూలినా వెళ్లేవాడు, అలిసిపోయానన్న మాట ఎవరూ వినలేదు, చచ్చాక ఎలాగూ పడుకుంటాంగా అని అందరినీ నవ్వించేవాడు. అది విని మిగతావాళ్లు కూడా పడుకోవడం మానేసేవారు. తర్వాతి సంగతులు అంత నవ్వొచ్చేవి కావు. లిఫ్టు ఎక్కడం మానేశాడు. వంటింట్లో కుర్చీ వేసుకుని, బూట్లు విప్పకుండా, వీధి తలుపు తీసిపెట్టుకుని కూర్చునేవాడు, కూర్చునే కునికేవాడు. భార్య కొన్నాళ్లు తలుపు వేసి చూసింది, కొన్నాళ్లు ఏడ్చి చూసింది, చివరికి చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆఖర్లో దగ్గు మూలంగా ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోయేవాడు. ఏమైందని ఎవరూ అడగలేదు, గొప్పవాడని మాత్రం అన్నారు, గొప్పవాణ్ణి ఏమైందని ఎలా అడుగుతారు? సమాధి దగ్గర దండంతా పిడికిళ్లు పైకెత్తి నిలబడ్డారు. శిథిలాల దగ్గర ఎవరైనా పిడికిలి ఎత్తితే అంతా ఎత్తాలి, మిషన్లు ఆపాలి, నోళ్లు మూయాలి, కింద నుంచి ఎవరైనా పిలుస్తున్నారేమో వినాలి. సమాధి దగ్గర ఏం వింటాం? అయినా విన్నారు. మేస్త్రి ఎక్కడ దగ్గుతాడోనని ఫిదెన్సియో ఊపిరి బిగబట్టి విన్నాడు. నిన్న రాత్రి తను కూడా బోర్లించిన బకెట్టు మీద బూట్లతోనే కూర్చున్నాడు. ఆ పోలిక అతనికి ఏమాత్రం నచ్చలేదు. నచ్చలేదని లేచి వెళ్లి పడుకున్నాడా అంటే అదీ లేదు.

బయట ఏదో బండి ఆగింది. దుంగలు కాబోలు. చెవులు రిక్కించాడు. కాదు, నీళ్ల బండి. నీళ్లు టాంకులో పడుతున్న చప్పుడు. నీళ్ల చప్పుడు వినకుండా ఉంటే బాగుండేది, ఎందుకంటే ఆవిడ కూడా ముందు వినిపించింది నీళ్ల చప్పుడుతోనే, చుక్క, చుక్క, ఆగి ఇంకో చుక్క, దాని వెనకే మనిషి గొంతు, చాలా మర్యాదగా, “హలో, వినపడుతోందా అండీ?” అని. ఇల్లు కూలి మీద పడ్డ మనిషి ఎవరైనా అలా మాట్లాడతారా? ఎర్మెలిందా గారు మాట్లాడింది. ఆవిడ స్నానాల గదిలో ఇరుక్కుంది, తలుపు, తొట్టి, ఒక దూలం కలిసి ఆవిడకి సరిపడా చోటు మిగిల్చాయి. ఫిదెన్సియో బొరియలో పొట్ట మీద పడుకుని ఉన్నాడు, ఇద్దరి మధ్యా ఒక మూర మందం గోడ, గోడ మీద రెండు కప్పుల బరువు. గోడ గోకితే కప్పు దిగుతోంది, అందుకని గోరంత గోరంతే గోకాలి. గోకుతూ మాట్లాడుతూ ఉండాలి, మాట్లాడిస్తూ ఉంటే మనుషులు ఉంటారు, అది మేస్త్రి నేర్పిందే. ముక్కుకి గుడ్డ కట్టుకుని మాట్లాడితే, “ఏవిటా ముద్ద ముద్ద మాటలు, నోట్లో ఏదన్నా పెట్టుకున్నావా?” అని కసిరింది. గుడ్డ తీసేశాడు. ఇక కట్టుకోలేదు.

టెలిఫోను ఆఫీసులో చేసి రిటైరయిందట. పెళ్లి చేసుకోలేదు, చేసుకుందామనుకున్నవాడి మాటలు తనే లైను కలుపుతూ ఒకసారి విందట, దాంతో తేలిపోయిందట. అది చెప్పి నవ్వింది, నవ్వితే నొప్పి అని ఆపేసింది. ఫిదెన్సియో పైపుల పనివాడని తెలిశాక ఇక ఊరుకోలేదు. రెండేళ్లుగా ఆ కుళాయి కారుతోందట, ముగ్గురొచ్చి బాగుచేశారట, ముగ్గురూ డబ్బు పుచ్చుకున్నారట, కుళాయి కారుతూనే ఉందట.

“మీ పైపులవాళ్లంత దొంగలు ఇంకెక్కడా ఉండరు.”

“నిజమేనమ్మా. నేను కూడా దొంగనే. ఆ చుక్కలు తాగుతున్నావా?”

“తాగుతున్నాను. అందుకే ముగ్గుర్నీ క్షమించేశాను.”

“బయటికొచ్చాక నేను బాగుచేసి పెడతాలే. ఊరికే.”

“ఊరికే చేసే పనివాణ్ణి అసలు నమ్మను, పైపులబ్బాయ్. డబ్బు ఇస్తాను.”

ఎంతసేపు మాట్లాడుకున్నారో అతనికి తెలియదు. మధ్యలో రెండుసార్లు కాళ్లు పట్టి లాగి, ఇక వేరేవాణ్ణి పంపుతామన్నారు, రానన్నాడు, ఆవిడకి నా గొంతు అలవాటైంది, కొత్త గొంతు వస్తే కంగారుపడుతుంది అని. అది అబద్ధమేమీ కాదు. ఆవిడ మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. ఖాళీ వచ్చినప్పుడల్లా అతను హలో అనేవాడు, ఆవిడ ఉన్నానండీ అనేది, ఆఫీసులో అన్నట్టే. చివరికి ఒకసారి, హలో అని అతను అనకముందే, చక్కగా, స్పష్టంగా, “లైన్లో ఉండండి,” అంది. ఉన్నాడు. గోకాడు, మాట్లాడాడు, కుళాయిల గురించి, వాషర్ల గురించి, తన భార్య అంపారో గురక గురించి, ఏది నోటికొస్తే అది, గోడలో చెయ్యి పట్టేంత కన్నం పడేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. చెయ్యి పెట్టాడు. ఆవిడ చెయ్యి దొరికింది. ఆ చేతి సంగతి తెలియడానికి డాక్టరు అక్కర్లేదు. బయటికి తీసి తెల్లగుడ్డ కప్పుతుంటే అంతా టోపీలు తీశారు, ఫిదెన్సియో మాత్రం నీళ్లు తాగి, ఇంకో వైపు కన్నం ఎక్కడన్నా ఉందా అని అడిగాడు. ఏడవలేదు. ఏడిస్తే చొక్కా పోతుంది. అంతకంటే ముఖ్యం, ఏడిస్తే లైను పెట్టేసినట్టే కదా, ఉండమని చెప్పి వెళ్లిన మనిషి తిరిగొచ్చి హలో అంటే? ఇలాంటి ఆలోచన బుద్ధున్నవాడు చేయడని అతనికి తెలుసు. తెలిసే చేస్తున్నాడు.

సరే, ఈ కుక్క ఏది? దానికి ఇంతసేపెందుకు? నయేలీ దానికి పాదాలు కడుగుతోందా, జడ వేస్తోందా? చిరాకుపడి పొద్దున్నుంచీ దాని వరస గుర్తుచేసుకుంటుంటే ఉన్నట్టుండి ఒక సంగతి తగిలింది. పొద్దున మొక్కజొన్న జావ పోస్తున్న చోట మొస్తాసా గెంతుతూ తిరిగింది. గెంతింది, అవును, తోక ఎగిరెగిరి అతని జావ గ్లాసుకి కొట్టుకుంటే సగం ఒలికింది, నయేలీని తిట్టాడు కూడా. జావ పోస్తున్నావిడ జుట్టు నిండా దుమ్ము ఉంది, చీపురు పుల్లలు కూడా ఉన్నాయి, ఎక్కడ దొర్లావమ్మా అని ఎవరో అడిగితే, మీ కుక్కగారికి దొరికిపోయానయ్యా అని నవ్వింది. అంటే కుక్క దిగులు పొద్దున్నే తీరిపోయింది. జావమ్మని పట్టుకుని తీర్చుకుంది. మరి మధ్యాహ్నం ఆ దీనమైన మొహం? నయేలీ చెయ్యి కిందికి చూపిస్తే అది ఎప్పుడైనా అలాగే పడుకుంటుంది, నేర్పించిన మొహమది. ఓసి ముసలిదానా, అనుకున్నాడు ఫిదెన్సియో. ఓసి దొంగ ముసలిదానా. నయేలీ నువ్వు కూడానా. దండు మొత్తం గోడ అవతల నిలబడి, ఊపిరి తీసుకుంటున్నాడా, నిద్రపోయాడా అని చెవులు పెట్టి వింటున్నారేమో!

ఒళ్లు మండింది. తల దగ్గరున్న చెక్క మీద చెయ్యి వేశాడు. ఊరికే ఆనించి పెట్టారు, వేలితో తోస్తే పడిపోతుంది, లేచి వెళ్లి డాక్టరమ్మతో నాలుగు మాటలు అని కన్నంలోకి దూరొచ్చు. చెయ్యి అక్కడే ఆగింది. ఎందుకంటే మోసం చేసింది మనుషులు, కుక్క కాదు. మొస్తాసాని ఈపాటికి వదిలేసి ఉంటే, అది ముక్కు నేలకు పెట్టి అతని కోసమే వస్తూ ఉంటుంది, వచ్చి చూస్తే మనిషి ఉండడు, వాసన ఉంటుంది. దానికంటే పెద్ద ద్రోహం లేదు. దాక్కున్నవాడు దొరికేదాకా కదలకూడదు, ఆకలేసినా, ఒంటేలొచ్చినా, కోపమొచ్చినా కదలకూడదు, వీళ్ల దండులో దానికి మించిన కట్టుబాటు లేదు. ఆ కట్టుబాటు చూసుకునే ముసలమ్మ ఈ పని చేసిందని కూడా అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వణుకుతూనే ఉంది. ఇక దాన్ని దాచాల్సిన పని లేదు కాబట్టి గుండె మీద పెట్టుకున్నాడు. వెలుతురు చెక్క సందులోంచి గీతలా పడుతోంది, గీతలో దుమ్ము ఆడుతోంది. కాళ్లు బరువెక్కాయి. ఇలా పడుకుని, ఇలాగే ఒక చిన్న వెలుతురు గీత చూస్తూ, ఎవరో ఒకరు గోడ గోకుతున్న చప్పుడు వింటూ, ఎర్మెలిందా గారు ఏమనుకుంది? భయపడిందా? అతన్ని ఒక్కసారి కూడా ఇంకెంతసేపు అని అడగలేదు. అడగలేదని ఇప్పుడు తెలుస్తోంది. తను అక్కడున్నాడన్న నమ్మకం ఆవిడకి కుదిరిందేమో, లేకపోతే అతనే కంగారుపడతాడని అడగలేదేమో, ఆవిడే అతన్ని లైన్లో నిలబెట్టి ఉంచిందేమో.

అప్పుడు గోళ్ల చప్పుడు వినిపించింది. గొట్టం చుట్టూ ఒకసారి, ఆగి, ఇంకోసారి. చెక్క సందులో తడి ముక్కు. ఒక్క క్షణం ముక్కు అలాగే నిలిచింది, ఆ తర్వాత మొరిగింది చూడండి, గొట్టమంతా మోగింది, గోడ అవతలి జనరేటరు ఆగింది, ఆ పక్కది ఆగింది, నీళ్ల బండి ఆగింది, ఎవరో ఎవర్నో ష్ అన్నారు. అతనికి లోపలి నుంచి కనపడకపోయినా తెలుసు, ఒకరు పిడికిలి ఎత్తి ఉంటారు, అది చూసి పక్కవాడు, వాణ్ణి చూసి వీధి వీధంతా. ఎందుకని ఎవరూ అడగరు. ఆ నిశ్శబ్దంలో డాక్టర్ ఇసౌరా గొంతు, రోజూ తిట్టే గొంతు కాదు, ఇన్నేళ్లుగా బొరియల్లోకి వంగి ఫిదెన్సియో వాడే గొంతు, అతను అడిగే ప్రశ్నలు.

“లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నాను,” అన్నాడు, అది చాలా సన్నగా వచ్చింది.

“పేరేంటి నాయనా?”

“ఫిదెన్సియో. తెలీదా నీకు?”

“నీతో ఇంకెవరైనా ఉన్నారా?”

లేరని చెప్పాలి. ఒక్కణ్ణే అనాలి, కుక్కని వాటేసుకోవాలి, అంతా చప్పట్లు కొట్టాలి. నోరు తెరిచాడు. “ఉన్నారు,” అంది నోరు. “ఎర్మెలిందా గారు. లైన్లో ఉండమన్నారు, నేను ఉన్నాను డాక్టరమ్మా, పెట్టేయలేదు, నేను…” ఆ తర్వాత మాటలు రాలేదు, వచ్చిందల్లా ఏడుపే, గొట్టంలో పడి అది అతనికే ఇంత పెద్దగా తిరిగొచ్చింది.

చెక్క అవతల ఎవరో మోకాళ్ల మీద కూర్చున్న చప్పుడైంది.

“సరే,” అంది ఇసౌరా. “ఇద్దర్నీ తీస్తాం. తొందరేం లేదు. ముందు దానికేదన్నా పెట్టు, పాపం అది దాని పని చేసింది.”

చెక్క పక్కకి తొలిగింది. మొస్తాసా సగం ఒళ్లు లోపలికి దూర్చి అతని కళ్లూ ముక్కూ మూతీ అన్నీ నాకేసింది. ఫిదెన్సియో వణికే చేత్తో జేబులోంచి రొట్టె తీసి, గట్టిపడ్డ దాన్ని ఎలాగో విరిచి, సగం కుక్కకి పెట్టాడు. మిగతా సగం తను తిన్నాడు. ఏడుస్తూ తినడం వల్ల చాలాసేపు పట్టింది. గొట్టం నోట్లోంచి చూస్తే ఆకాశం, గోడ, గోడ మీదుగా వీధిలో చేతులు. ఏ చప్పుడు కోసం చెయ్యెత్తారో ఆ చప్పుడు పూర్తిగా అయ్యేదాకా ఒక్కరూ పిడికిలి దించలేదు.